రోమ్ ఫౌంటెన్ల వాకింగ్ టూర్: నీళ్ల శాఖలో పనిచేసినవాడిగా నా అనుభవం

నేను 31 ఏళ్లు మున్సిపల్ నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాను. మాది అనంతపురం జిల్లా. మా ప్రాంతంలో బోరు వేస్తే నీళ్లు పడ్డాయని అనరు, "గంగ పడింది" అంటారు. కొబ్బరికాయ కొట్టి, ఆ మొదటి నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. అలాంటి చోట నుంచి వచ్చినవాణ్ణి గనుక, పోయిన అక్టోబరులో మా అమ్మాయి మమ్మల్ని రోమ్ తీసుకెళ్లినప్పుడు, "నాన్నా, కొలోసియం అందరూ చూసేదే. నీకోసం వేరే ఒకటి బుక్ చేశాను" అని ఫౌంటెన్ల వాకింగ్ టూర్ టికెట్లు చూపిస్తే, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మనిషికి 42 యూరోలు. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మూడు గంటల నడక, ఇంగ్లీషులో చెప్పే గైడ్, చెవికి పెట్టుకునే చిన్న రిసీవర్. ముందే చెప్పేస్తున్నాను, గైడ్‌కి నూటికి నూరు మార్కులు. టూర్ నడిపే కంపెనీ ఏర్పాట్లకు మాత్రం యాభై దాటి వెయ్యలేను. ఎందుకో వరసగా చెబుతాను.

మొదలయ్యేది పియాజా బార్బెరీని అనే కూడలిలో, ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర. నాలుగు డాల్ఫిన్లు తోకల మీద పెద్ద గవ్వను మోస్తుంటాయి. ఆ గవ్వ మీద మోకాళ్లూని, తల వెనక్కి వాల్చి, ఒక సముద్రదేవుడు శంఖం ఊదుతుంటాడు. శంఖంలోంచి నీళ్లు నేరుగా ఆకాశంలోకి లేస్తాయి. జాన్ లొరెంజో బెర్నీని 1642-43లో చెక్కాడు. గైడ్ యాభై ఏళ్లుండే ఒక ఇటాలియన్ ఆవిడ. తేదీలు, పేర్లు ఏవీ చెప్పకుండా మొదట ఒకటే అడిగింది: "ఆ రోజుల్లో కరెంటు లేదు, పంపు లేదు. మరి నీళ్లు పైకి ఎలా లేచాయి?"

ఎవరూ మాట్లాడలేదు. నేను చెయ్యెత్తి, "నీళ్లు వచ్చే చోటు ఇక్కడికన్నా ఎత్తులో ఉంది" అన్నాను. ఏం పని చేసేవారని అడిగింది. చెప్పాను. అప్పటి నుంచి టూర్ అయ్యేదాకా నన్ను "ఇంజెన్యేరే" అనే పిలిచింది. ఇటలీలో డాక్టరును డాక్టరు గారు అన్నట్టే ఇంజనీరునూ ఆ మాటతో గౌరవంగా పిలుస్తారట. సర్వీసంతా "ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారూ, మా వీధికి నీళ్లెప్పుడు?" అన్న పిలుపు విన్నవాణ్ణి, ఆ మాట నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

ఈ టూర్ గొప్పతనం ఆ మొదటి ప్రశ్నలోనే ఉంది. శిల్పం అందం గురించి చెప్పే గైడ్లు రోమ్‌లో వీధికొకరు దొరుకుతారు. ఈమె మాత్రం ప్రతి ఫౌంటెన్ దగ్గరా ముందు నీళ్ల సంగతి చెప్పి, తరవాతే రాతి సంగతి చెప్పింది. ట్రైటన్‌కు నీళ్లొచ్చేది ఆక్వా ఫెలీచె అనే కాలువ నుంచి. ప్రాచీన కాలం తరవాత రోమ్ కొత్తగా కట్టుకున్న మొదటి కాలువ అది. ఐదో సిక్స్టస్ పోప్ 1587లో పూర్తి చేయించాడు. ఆయన అసలు పేరు ఫెలీచె, ఆ పేరే కాలువకూ పెట్టారు. అంతకుముందు గుట్టల మీద నీళ్లు లేక జనం పల్లంలోనే ఉండేవాళ్లు. ఎత్తున వచ్చే కాలువ గనుక దానికి హెడ్, అంటే ఎత్తు తేడా వల్ల నీళ్లకు వచ్చే ఒత్తిడి, ఎక్కువ, అందుకే ట్రైటన్ శంఖంలో అంత ఊపు.

అక్కడి నుంచి స్పానిష్ మెట్ల పైకి చేరి కిందికి దిగాం. మెట్ల మీద కూర్చోనివ్వరు, కూర్చుంటే జరిమానా. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకు ఇది కష్టమైంది. మెట్ల పాదం దగ్గర బర్కాచ్చా ఉంది. సగం మునిగిన పడవ ఆకారంలో ఉన్న తొట్టి. బెర్నీని తండ్రి పియెత్రో బెర్నీని 1627-29లో చేసింది. 1598లో టైబర్ నదికి పెద్ద వరదొచ్చినప్పుడు ఒక పడవ ఇక్కడిదాకా కొట్టుకొచ్చిందని, దాన్ని చూసే ఈ రూపం ఇచ్చారని కథ చెబుతారు. గైడ్ ఆ కథ చెప్పేసి, "ఇంజెన్యేరే, పడవ నేలకన్నా కిందికి ఎందుకుంది?" అని నా వైపు చూసింది.

చూడగానే నాకు అర్థమైంది. ఇక్కడికొచ్చేది వేరే కాలువ, ఆక్వా వెర్జినె. దానికి ప్రెషర్ చాలా తక్కువ. పైకి ఎగజిమ్మే శక్తి ఆ నీళ్లకు లేదు. అందుకని పియెత్రో నేలను తవ్వి, వీధి మట్టం కన్నా కింద తొట్టి పెట్టి, పడవలోంచి నీళ్లు మెల్లగా పొంగి పొర్లేలా చేశాడు.

మా ఊళ్లలో లైను చివరి ఇళ్లవాళ్లు ఏం చేస్తారో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొళాయి ఎత్తున ఉంటే చుక్క రాదు. అందుకని ఇంటి ముందు గుంత తవ్వి, పైపును కిందికి కోసి, ఆ గుంతలో బిందె పెట్టుకుంటారు. ఆడవాళ్లు వంగి, చెంబుతో తోడి, పైకి అందిస్తుంటారు. అలాంటి గుంతలు కొన్ని వందలు చూశాను. ప్రెషర్ పెంచలేక, గుంత పూడ్చమని చెప్పలేక నిలబడ్డ రోజులు ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ల కిందట ఒక శిల్పి కూడా అదే ఇబ్బందికి అదే ఉపాయం చేశాడు. ఆ గుంతను పడవ చేశాడు, అంతే. అక్కడ నిలబడి మా ఆవిడకు ఇదంతా చెప్తుంటే నా గొంతు పూడుకుపోయింది. "మీ గుంత కొళాయిలే కదండీ!" అంది ఆమె కూడా.

తరవాతి చోటును సామాన్యంగా టూర్లలో చూపించరు. వియా దెల్ నజరేనో అనే చిన్న వీధిలో, ఇనుప కంచె వెనక, నేల మట్టానికి కింద కొన్ని రాతి కమానులు. అవి ఆక్వా విర్గో, అంటే ఆక్వా వెర్జినె తాత. రోమన్ సేనాని అగ్రిప్ప క్రీ.పూ. 19లో తన స్నానశాలల కోసం తెప్పించిన కాలువ. ఈ కమానులను క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 46లో బాగు చేయించి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు. కాలువ పొడవు 20 కిలోమీటర్ల పైమాట, అందులో ఎక్కువ భాగం భూమి లోపలే. మొదటి నుంచి చివరిదాకా వాలు మొత్తం నాలుగు మీటర్లే. కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు పడుతుంది. ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెల్ అనే పరికరం పెట్టి, కొలబద్ద పట్టుకునే మనిషిని ఎండలో నిలబెట్టి, రెండు మూడు సార్లు తిరిగి తీసుకున్నా మాకు లెక్క తేడా వచ్చేది. వాళ్లు నీళ్లు పోసిన చెక్క బల్లతో లెవెల్ చూసుకుని, నేల కింద ఇంత సన్నని వాలు పట్టారు. నేను కంచె దగ్గర పది నిమిషాలు ఉన్నాను. గుంపులో చాలామందికి ఇది రాళ్ల కుప్పలా అనిపించి ముందుకు నడిచారు. గైడ్ మాత్రం నన్ను తొందరపెట్టలేదు.

భూమి లోపల ఉండటమే ఈ కాలువను కాపాడింది. క్రీ.శ. 537లో గోత్ అనే తెగవాళ్లు నగరాన్ని ముట్టడించి కాలువలను తెగ్గొట్టారు. పైన కమానుల మీద నడిచే కాలువలన్నీ ఎండిపోయాయి. ఇది మాత్రం కుంటుతూనైనా తరవాతి శతాబ్దాల్లో పారింది.

ఇంకో మాట గైడ్ చెబితే నాకు ఆశ్చర్యం కలిగింది. క్రీ.శ. 97లో రోమ్ నీళ్ల శాఖ అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ కాలువలన్నిటి లెక్కలూ రాసిపెట్టాడు. అందులో దొంగ కనెక్షన్ల గురించి కూడా ఉందట. శాఖలోని మనుషులే డబ్బు తీసుకుని, వీధుల కింద పైపుకు చిల్లు పెట్టి, దొంగతనంగా నీళ్లిచ్చేవాళ్లని ఆయన వాపోయాడు. పంతొమ్మిది వందల ఏళ్ల తరవాత రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని అవే చిల్లులు వెతికినవాణ్ణి నేను. ఆయన పదవిలో చాలా పెద్దవాడే గానీ, ఆ క్షణాన నాకు తోటి ఉద్యోగిలా అనిపించాడు.

ఆ కాలువ చివరి కొస ట్రేవీ ఫౌంటెన్. 49 మీటర్ల వెడల్పు, 26 మీటర్ల ఎత్తు. నికోలా సాల్వీ 1732లో మొదలుపెట్టాడు, పూర్తి కాకుండానే 1751లో చనిపోయాడు, 1762లో ముగిసింది. ఫొటోలు చాలా చూసి ఉంటారు గనుక రూపం గురించి చెప్పను. ఫొటోల్లో తెలియని సంగతి చప్పుడు. పక్క సందులో ఉండగానే నీళ్ల హోరు వినిపిస్తుంది. ప్రెషర్ తక్కువని ముందే చెప్పాను కదా, సాల్వీ కూడా నీళ్లను ఎగరనివ్వలేదు. వెడల్పుగా పరిచి, రాళ్ల మీంచి దొర్లించి, చప్పుడుతో పెద్దవి చేశాడు. వేసవి ఎండినాక వానాకాలంలో మొదటిసారి మరవ పారినప్పుడు చెరువు కట్ట మీద వినే మోత అది.

పైన రెండు చెక్కుడు పలకలు ఉన్నాయి, తప్పక చూడండి. ఎడమ పక్క అగ్రిప్ప కాలువ నిర్మాణాన్ని పరిశీలిస్తుంటాడు. కుడి పక్క ఒక కన్య దప్పికతో ఉన్న సైనికులకు ఊట చూపిస్తుంటుంది. ఆ పిల్ల వల్లే నీళ్లకు 'కన్య' అన్న పేరొచ్చిందని కథ. మంచి నీళ్లు దొరికిన చోట ఆడపిల్ల కథ ఒకటి ఉండటం మనకూ అలవాటే. ఇప్పుడు ఫౌంటెన్‌లో తిరిగేది మాత్రం పంపులతో తిప్పే నీళ్లేనని గైడ్ దాచకుండా చెప్పింది. అందులో వేసిన నాణేలను కారితాస్ అనే సేవా సంస్థకు ఇస్తారు. మా ఆవిడ కుడిచేత్తో ఎడమ భుజం మీంచి ఒక నాణెం వేసి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. గంగలో పైసా వేసినట్టే వేసింది.

కంపెనీ మీద నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. 2024 డిసెంబరులో శుభ్రం చేసి తెరిచాక తొట్టి దగ్గరికి ఒకసారి 400 మందినే పంపే పద్ధతి పెట్టారు, మేం వెళ్లినప్పుడు లైనులో నిలబడాల్సి వచ్చింది. ఇది అందరికీ తెలిసిన సంగతే. అయినా పదకొండున్నరకు, రద్దీ ఎక్కువగా ఉండే వేళకు అక్కడికి చేరేలా టూర్ పెట్టారు. మాకు 25 నిమిషాలు లైనులోనే పోయాయి. పైగా 15 మందే ఉంటారని రాసి 23 మందిని ఎక్కించారు. మూడు రిసీవర్లలో గరగర తప్ప మాట వినపడలేదు, అందులో ఒకటి మా ఆవిడది. మూడు గంటల్లో బాత్రూమ్ కోసం ఆగే చోటు ఒక్కటీ లేదు. గైడ్ పాపం ఒక కాఫీ షాపువాళ్లను బతిమాలి ఇద్దరు ముగ్గురిని లోపలికి పంపింది. అది ఆమె మంచితనం, ఏర్పాటు కాదు.

తరవాత వియా లాతాలో చూసిన ఫౌంటెన్ చాలా చిన్నది, గోడలో ఉంటుంది. నాకు మాత్రం మిగతావాటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది. ఒక మనిషి రెండు చేతులతో పీపా పట్టుకుని ఉంటాడు, పీపాలోంచి నీళ్లు ధారగా పడతాయి. ముఖం అరిగిపోయి ముక్కూ మూతీ ఆనవాలు లేవు. 'ఫక్కీనో', అంటే కూలివాడు అంటారు. కాలువలు సరిగా పారని రోజుల్లో టైబర్ నదిలోంచో ఊటల దగ్గర నుంచో నీళ్లు నింపుకుని, ఇంటింటికీ మోసి అమ్మేవాళ్లు ఉండేవారు. ఇది అలాంటి నీళ్లవాడి బొమ్మ, 1580 ప్రాంతంలో చేసింది. మా చిన్నప్పుడు కావడిలో రెండు డబ్బాలు పెట్టుకుని హోటళ్లకు నీళ్లు పోసే మనిషి ఒకాయన ఉండేవాడు. భుజం మీద కాయ కట్టి గట్టిపడి ఉండేది. పోప్‌లకూ చక్రవర్తులకూ విగ్రహాలున్న ఊళ్లో నీళ్లు మోసినవాడికి కూడా ఒకటి ఉండటం నాకు చాలా నచ్చింది. అక్కడ మూడు నిమిషాలే ఆపారు.

పాంథియన్ ముందున్న ఫౌంటెన్‌ను నడుస్తూనే చూసేశాం. పియాజా నవోనా చేరేసరికి పన్నెండు ముప్పావు. ఈ టూర్‌లో మనవాళ్లకు ముఖ్యమైన చోటు ఇదే. నాలుగు నదుల ఫౌంటెన్, బెర్నీని 1648-51లో పదో ఇన్నొసెంట్ పోప్ కోసం చేశాడు. మధ్యలో ఈజిప్టు తరహా రాతి స్తంభం, దాని కింద కొండ, కొండ మీద నాలుగు ఖండాలకు నాలుగు నదులు: ఐరోపాకు డాన్యూబ్, ఆఫ్రికాకు నైలు, అమెరికాకు రియో దె లా ప్లాతా, ఆసియాకు మన గంగ. నైలు ముఖం మీద గుడ్డ కప్పి ఉంటుంది, అప్పటికి దాని పుట్టుక ఐరోపావాళ్లకు తెలియదు గనుక. కొండను నాలుగు వైపులా తొలిచారు, ఇటు నుంచి అటు కనిపిస్తుంది. అంత బరువైన స్తంభం బోలు మీద నిలబడింది. కట్టుబడి తెలిసినవాళ్లు ఆ అడుగు చూసి రావాలి. దీని ఖర్చుకోసం రొట్టె మీద కూడా పన్ను వేశారని అప్పటి జనం తిట్టుకున్నారట. గైడ్ ఆ మాట కూడా చెప్పింది.

గంగ ఎక్కడా అని వెతుక్కున్నాను. పొడవాటి గడ్డంతో, కండలు తిరిగిన ఒక ముసలాయన, చేతిలో పెద్ద తెడ్డు. పడవలు నడిచే నది అని చెప్పడానికి ఆ తెడ్డు. మా గుంపులో జర్మనీలో ఉద్యోగం చేసుకునే కరీంనగర్ అబ్బాయి ఒకడున్నాడు, నా పక్కకొచ్చి, "అంకుల్, గీయన గంగనా? మన గంగమ్మకు గడ్డమేంది?" అన్నాడు.

గైడ్ మా మాటలు విని ఏమిటని అడిగింది. గంగ మాకు తల్లి అని, పేరే అమ్మ పేరని, ఊరూరా గంగమ్మకు జాతర చేస్తామని, ఎక్కడో మూల బోరులో నీళ్లు పడ్డా దాన్ని గంగ అనే అంటామని, చనిపోయేవాళ్ల నోట్లో పోసేది కూడా ఆ నీళ్లేనని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. లాటిన్‌లో నదులు మగవాళ్లని, అందుకే బెర్నీనికి వేరే ఆలోచన వచ్చి ఉండదని ఆమె అంది. తరవాత బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి, "గంగమ్మ" అని నాతో రెండుసార్లు పలికించుకుని రాసుకుంది. కాశీ చూడని శిల్పులు, గంగను ఒక్కసారి కూడా తాకనివాళ్లు, ప్రపంచంలో నాలుగు నదులు ఎంచితే అందులో గంగను ఉంచారు. గడ్డం సంగతి నాకు పట్టింపు లేదు. నేను వంగి, ఆ వైపుకు చేతులు జోడించాను. ఆ అబ్బాయి కూడా జోడించాడు.

ఇంత ఉన్న చోట మాకు ఇచ్చింది పన్నెండు నిమిషాలు. ట్రేవీ లైనులో పోయిన సమయాన్ని ఇక్కడ కోశారు. గైడ్‌కు రెండింటికి ఇంకో గుంపు ఉందట, తను మాత్రం ఏం చేస్తుంది? టూర్ నడిపేవాళ్లు ఒక మనిషికి వెంటవెంటనే రెండు టూర్లు అంటగడితే నష్టపోయేది నవోనా.

చివరిది పియాజా మత్తేయిలోని తాబేళ్ల ఫౌంటెన్. అక్కడికి చేరేసరికే ఒంటిగంట దాటింది. 1580లలో జాకొమో దెల్లా పోర్తా గీసిన నమూనా, తద్దేయో లందీని పోత పోసిన నలుగురు కంచు కుర్రాళ్లు. పై తొట్టి అంచున కూడా డాల్ఫిన్లు పెట్టాలనుకున్నారు. ప్రెషర్ చాలక తీసేశారు. కుర్రాళ్ల చేతులు దేన్నో అందిస్తున్నట్టు గాలిలో ఉండిపోయాయి. 1658లో బాగు చేసినప్పుడు ఆ చేతుల పైన తాబేళ్లను పెట్టారు, ఇప్పుడు అవి నీళ్లు తాగడానికి తొట్టిలోకి ఎక్కుతున్నట్టుంటాయి. డెబ్బై ఏళ్లు ఖాళీగా ఉన్న చేతులకు అలా పని దొరికింది. 1979లో ఒక తాబేలును ఎవరో ఎత్తుకుపోయాక మిగతావాటిని మ్యూజియంలో పెట్టి, నకళ్లు ఉంచారు. నా లెక్కలో బర్కాచ్చా తరవాత ప్రెషర్ తక్కువైనందువల్ల పుట్టిన అందం ఇదే.

దారి పొడుగునా వీధి కొళాయిల సంగతి చెప్పకుండా ముగించలేను. 'నజోని' అంటారు, పెద్ద ముక్కులని అర్థం. పోత ఇనుప స్తంభానికి ముక్కులా వంగిన గొట్టం, నీళ్లు ఆగకుండా పడుతుంటాయి. 1874 నుంచి ఉన్నాయి, నగరంలో దాదాపు 2,500. ముక్కు కొసను వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి ధార లేస్తుంది, వంగకుండా తాగొచ్చు. చల్లగా, తేటగా ఉన్నాయి. ఆగని కొళాయిని చూస్తే కట్టేయమని నా చెయ్యి లాగుతుంది, అది ఇన్నేళ్ల అలవాటు. 2017 కరువులో చాలా నజోనిలను మూసేశారని గైడ్ చెప్పింది. మూసేటప్పుడు ఆ ఫిట్టర్ల మనసు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు.

ఇక వెళ్లేవాళ్లకు నా సలహా. పొద్దున ఎనిమిదింటి టూర్ దొరికితే అదే తీసుకోండి, ట్రేవీ దగ్గర లైను తప్పుతుంది. రిసీవర్ తీసుకోగానే పనిచేస్తుందో లేదో చూసుకుని, గరగరలాడితే అక్కడే మార్పించుకోండి. నేల అంతా నల్లరాతి ముక్కలు, మధ్యలో సందులు. మెత్తని అడుగున్న బూట్లు లేకపోతే పెద్దవాళ్లకు కష్టం. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు స్పానిష్ మెట్లు దిగకుండా మెట్రో స్పాన్యా స్టేషన్ దగ్గర కలుస్తామని గైడ్‌కు ముందే చెప్పండి. ఖాళీ సీసా వెంట ఉంచుకోండి. టూర్ అయ్యాక వియా దెల్ త్రితోనెలో రినాషెంతె అనే పెద్ద బట్టల షాపు నేలమాళిగకు వెళ్లండి. ఆక్వా విర్గో కమానులు అక్కడ దగ్గరగా కనిపిస్తాయి, టికెట్ లేదు. వాళ్ల టూర్‌లో ఇది లేకపోవడం లోటే.

రిసీవర్ల గురించి, మనుషుల సంఖ్య గురించి కంపెనీకి ఈమెయిలు రాశాను. రెండు రోజులకు క్షమాపణ చెబుతూ, మా ఆవిడ టికెట్ డబ్బులు సగం వెనక్కి పంపారు. మేం మాత్రం మర్నాడు పొద్దున్నే ఆరున్నరకు, గైడ్ లేకుండా, మళ్లీ నవోనాకు వెళ్లాం. వీధులు ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేరు. మా ఆవిడ గంగ ఎదురుగా రాతి అరుగు మీద కూర్చుంది. హోటల్ నుంచి తెచ్చుకున్న అరటిపండు ఒకటి తీసి, ఒక్క క్షణం అటు చూపించి, తరవాత ఒలిచి నాకు సగం ఇచ్చింది.